పనస మానుకి మూడు దెబ్బలు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను బీడీ వంకతో బయటికి జారుకునే రకం. ఇప్పటికీ అంతే. ఇది మాత్రం నేనుండగా జరిగింది కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది బొబ్బిలి. నాన్న, చిన్నాన్న కలిసి వీణలు చేసేవారు. నేను ఆ పని వద్దని నెల్లిమర్ల వెళ్లి జూట్ మిల్లులో చేరాను. "సేతిలో పనుండగా మర కాడికెల్తావేటిరా" అని చిన్నాన్న తిట్టాడు. నేనూ ఊరుకోలేదు, నోటికొచ్చింది అనేశాను. రెండేళ్లు మాటల్లేవు. అరవైల చివర్లో ఒక వేసవిలో ఆయన జ్వరంతో పోయాడు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత నాన్న ఉలి ముట్టలేదు. కన్నీటిచుక్క కూడా రాల్చలేదు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటుంటే అమ్మ భయపడి నాకు కబురు పెట్టింది. వీణకి పనస మాను ఎంచుదామని నాన్నని బతిమాలి అడవికి తీసుకెళ్లింది నేనే.

పార్వతీపురంలో ఆఖరి ఇళ్లు దాటగానే సర్కారు అడవి. వానాకాలం. మిట్టమధ్యాహ్నమైనా కొమ్మల కింద మసకగానే ఉంది. ఫారెస్టు గార్డు పర్మిటు చూసి, పనసచెట్లున్న వైపు చూపించి, ఎంచిన చెట్టుకి తను ముద్ర వేశాకే కొట్టాలని చెప్పి, వాగు దగ్గరే ఆగిపోయాడు.

చెట్టుని ఎంచడానికి మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఒకరు మానుకి ఇవతల నిలబడి చింతకర్ర సుత్తితో మూడు దెబ్బలు కొడతారు. రెండోవారు అవతల చెవి ఆనించి వింటారు. నాదం నచ్చితే అరచేత్తో రెండుసార్లు తడతారు. అప్పుడు ఇవతలివారు ఇంకొక్క దెబ్బ వేస్తారు. అంతవరకూ ఎవరూ మాట్లాడకూడదు. నలభై ఏళ్లు కొట్టింది చిన్నాన్న, విన్నది నాన్న.

నాన్న ఒక లావుపాటి పనసని ఎంచి అవతలికి వెళ్లాడు. నేను సుత్తి ఎత్తబోతుంటే కాలికి జలగ పట్టింది. సుత్తి కింద పెట్టి, వంగి, ఉప్పు రాసి దాన్ని వదిలించుకుంటున్నాను.

అవతల నాన్న రెండుసార్లు తట్టాడు.

నేనింకా కొట్టనే లేదు. తొందరపడ్డాడేమోననుకుని, సుత్తి తీసి ఒక్క దెబ్బ వేశాను. నాన్న మెల్లగా ఇవతలికి వచ్చి నా మొహంలోకి చూశాడు.

"ఇది నీ దెబ్బ. ముందలి మూడూ ఎవుడు కొట్టినాడ్రా?"

"నేను కొట్లేదు నాన్నా."

"రెండోది మెత్తగా ఏసినాడు. ఆడెప్పుడూ అంతే," అని నాన్న మానుకి నుదురు ఆనించి భోరుమన్నాడు. తమ్ముడు పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.

ఇంతలో గార్డు రొప్పుతూ వచ్చాడు. "ఏటి మావా, నాను ముద్దరెయ్యకుండానే సెట్టు కొట్టీస్తన్నారా? ముందు మూడు దెబ్బలు, తరవాత ఒకటి, వాగు కాడికి ఇనబడ్డాయి!"

మిల్లు మోతకి నా చెవులు మొద్దుబారాయనుకుందామంటే, ఆ వాగు చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

ఆ మానుతో నాన్న వీణ చేశాడు. చేతులు వణికే వయసొచ్చేదాకా మళ్లీ ఉలి వదల్లేదు. నాకు కావలసిందీ అదే.

ఆ మూడు దెబ్బలు ఎవరు కొట్టారో ఇన్నేళ్లయినా నేను చెప్పలేను. నాన్న విన్నాడు. చిన్నాన్న ముక్కూమొహం తెలియని గార్డు విన్నాడు. మానుకి మూరెడు దూరంలో ఉన్న నాకు ఒక్కటీ వినబడలేదు. చిన్నాన్న నాతో ఇంకా మాట కలపలేదేమో.