ఎర్ర గుర్తులకు సున్నం

కాఫీ పండే అరకులో ఉద్యోగం చేసిన రెండేళ్ళూ నాకు దొరికింది టీయే. మంచి గింజలన్నీ ఘాటు రోడ్డు దిగిపోయేవి, మాకు వాసన మిగిలేది. ఆ అన్యాయం గురించి ఎంతైనా రాయొచ్చు గానీ, ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్ద ఘోరం. చేసింది నేనే కాబట్టి, నింద వెయ్యడానికి కూడా ఎవరూ దొరకలేదు.

కంప్యూటర్స్‌లో డిగ్రీ పాసై, కొత్తగా కాఫీ రైతుల సంఘంలో ఆపరేటరుగా చేరాను. బస్తా బస్తాకీ రైతు పేరు, ఊరు అచ్చేసి చీటీ తియ్యడం నా పని. చీటీ లేని బస్తా లారీ ఎక్కదు. మా కంప్యూటరేమో ఏడెనిమిది చీటీలకోసారి నీలం తెర కప్పుకుని పడుకునేది. వారంటీ ఇంక మూడు రోజులే ఉంది. "ఇంజినీరు వచ్చి చూస్తాడు, నిజంగా పాడైతే కొత్తది ఇస్తాం" అన్నారు కంపెనీవాళ్ళు.

సంఘం ప్రెసిడెంటు సోంబారక్క నన్ను పిలిచి, "బాబూ, నలభై బత్తాలు గోడవార ఉన్నాయి. కొత్త మిషను రాకపోతే ఈ ఏటి కాఫీ ఎలకలు తాగుతాయి" అంది.

మా ఏజెన్సీలో ఆఫీసరు వస్తున్నాడంటే ఏం చేస్తామో మీకు తెలుసు. దారి పక్క రాళ్ళకు కూడా సున్నం కొడతాం. నేనూ ముందురోజు ఆఫీసు గోడలకు సున్నం వేయించాను. ఇక మిగిలింది కంప్యూటరు. తెరిచి చూస్తే, అది ఎప్పుడెప్పుడు పడిపోయిందో ఎర్ర గుర్తులతో తనే రాసుకుంటోంది. తన స్థిరత్వానికి మార్కులు కూడా వేసుకుంటోంది. పదికి ఒకటి. తెరంతా మిరపకాయలు ఆరబోసినట్టుంది. బయటివాడు చూస్తే పరువేం కావాలి? నెట్‌లో వెతికి, ఆ చరిత్ర దాచుకున్న ఫైళ్ళన్నీ చెరిపి, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టించాను. ఒక్క మచ్చ లేదు.

మర్నాడు ఇంజినీరు రైలు దిగి వచ్చాడు.

"స్టెబిలిటీ హిస్టరీ చూపించండి. ఎర్ర గుర్తులుంటే చాలు, సంతకం పెట్టేస్తాను."

చూపించాను.

"ఇదేంటి, ఖాళీగా ఉంది?"

"శుభ్రం చేశానండి."

"ఎందుకు?"

"మీరొస్తున్నారని."

"పోనీ, ఇంకెక్కడైనా రాసి పెట్టారా?"

సోంబారక్క మొహం వెలిగింది. "నాను రాసినాను బాబూ. అది ఆగినపుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసినాను." చూపించడానికి వెనక్కి తిరిగింది. గోడ మల్లెపువ్వులా ఉంది. అక్క గోడను చూసి, నన్ను చూసి, మళ్ళీ గోడను చూసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకుల్ని ముందే కాల్చేసుకున్నాను.

"మీ ఎదుటే పడిపోతుంది చూడండి" అని పది చీటీలు తీశాను. పడలేదు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా బుద్ధిగా కూర్చుంది. ఇంజినీరు బ్యాగు సర్దుకున్నాడు.

"ఎలాగూ వచ్చినారు" అంది సోంబారక్క, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మిగతా సీటీలు మీరే తీసి ఎల్లండి. మా గుంటడి సెయ్యంటే దానికి బయమనుకుంటాను."

ఆయన నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఏడో చీటీకి తెర నీలమైంది. మళ్ళీ మొదలెట్టి, పేర్లు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ నీలం. మూడోసారి ఆయన నోట వచ్చిన ఇంగ్లీషు మాట మా సిలబస్‌లో లేదు. తిరుగు రైలు కూత వేసే వేళకి ఆయన సొంత చేత్తో ఐదు ఎర్ర గుర్తులు సంపాదించాడు. తన సాక్ష్యం మీద తనే సంతకం పెట్టి, రైలు తప్పిపోవడంతో బస్సులో కొండ దిగాడు.

ఆ సాయంత్రమే ప్రతిజ్ఞ చేశాను: నా కంఠంలో ప్రాణముండగా యంత్రాలది గానీ మనుషులది గానీ ఎవరి చరిత్రా బాగుచెయ్యను.

వారం తిరక్కుండా కొత్త కంప్యూటరు వచ్చింది. సోంబారక్క దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆన్ చేద్దామని నేను చెయ్యి చాపాను.

"నువ్వు అరుగు మీద కూకో బాబూ" అంది అక్క. "ఇంజినీరుబాబు వచ్చి ఆన్ సేసినదాకా దీని మొకం సూడకు."