లోపలికి రమ్మనే మాట

కృష్ణగిరి హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, మా గదిలోని సీనియర్ అక్క ఒక ఇంగ్లీషు నవల చదివి మాకు కథగా చెప్పేది. అందులో హాస్టల్ పిల్లల రక్తం తాగే అందగాడు ఒకడున్నాడు. ఎవరైనా నోరారా పిలిస్తే తప్ప వాడు గడప దాటలేడట. అది విని మిగతా పిల్లలకు ధైర్యం వచ్చింది. నేను మాత్రం దుప్పటి తలమీదికి లాక్కున్నాను. రాయకోటలో మా అమ్మ సంగతి నాకు తెలుసు.

సెలవులకు ఇంటికి పోయిన రోజే, మిట్టమధ్యాహ్నం, పాలిపోయిన ముఖంతో ఎవరో మనిషి మా చూరు కింద నీడలో నిలబడ్డాడు. ఎవరని కూడా అడగకుండా అమ్మ కేకేసింది.

"ఏమప్పా, ఆడనే నిలబడిపోయినావు? లోపలికి రా!"

నేను అమ్మ నోరు మూయబోయేలోపే అతను చెప్పులు విప్పేశాడు. పాపం, ఎవరిదో ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు. అతను మజ్జిగ తాగి వెళ్లేదాకా నేను అమ్మ మెడకేసే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు హోసూరులో మా ఇంటికి ఎవరొచ్చినా తలుపు తీసి పక్కకు జరుగుతానే కానీ రమ్మని అనను. పొగరని చుట్టాలు అనుకుంటారు, అనుకోనీ. వాళ్లంతట వాళ్లు లోపలికొస్తే నాకు నిశ్చింత. గడప అవతలే నిలబడి, నా నోటివంక చూసేవాళ్లను చూస్తేనే నా చెయ్యి మళ్లీ తలుపు గడియ మీదికి పోతుంది.