చెవి అందితే చాలనుకుంది

తొంభైల మొదట్లో శామీర్‌పేట పిల్లల పుట్టిన తేదీలు ఎవరికి తెలుసు? కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమ చెవి అందుకుంటేనే బడి ఈడు వచ్చినట్టు. పొట్టిపిల్ల బాలనర్సమ్మకు అందలేదు. "వచ్చే ఏడు తీస్కరా" అన్నాడు సారు. వచ్చే ఏటికల్లా ఆమె తల్లి వెంట ద్రాక్షతోటలో కూలికి పోతోంది. అక్కడ ఈడు ఎవరూ చూడలేదు.

తను తల్లయ్యాక, కూతురు భవితకు ఆ గతి పట్టకూడదని, రోజూ తలకు నూనె పెట్టేటప్పుడు దాని చెయ్యి లాగి లాగి చెవి పట్టించేది. పిల్ల ఏడ్చినా వదల్లేదు.

మేడ్చల్‌లో ప్రైవేటు బడికి తీసుకుపోయిన రోజు, భవిత ఎవరూ అడక్కముందే చెవి పట్టుకుని నిలబడింది. మేడం పిల్లవైపు చూడనే లేదు.

"మీరేం చదువుకున్నారు?" అని తల్లినే అడిగింది.

"నేను సదువుకోలే మేడం."

"తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లయితేనే సీటిస్తామమ్మా."

బాలనర్సమ్మకు ఒళ్లు మండింది. "చెవి అందలేదని నన్ను చేర్చుకోలే. నేను సదువలేదని నా బిడ్డను చేర్చుకోరా? ఇగ మాకు బడి ఎప్పుడు?"

మేడం తర్వాతి వాళ్లను పిలిచింది.

గేటు దాటినా భవిత చెయ్యి దించలేదు.

"అందింది గదమ్మా, ఇగ ఇడువాల్నా?"