మా ఫెలోషిప్‌లో అమెరికా

మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ రెండు ముక్కలైంది అమెరికా పార్టీల మీద. ఊళ్లో మా పిన్నికి ఫోన్ చేసి ఈ మాట చెబితే ఆవిడ నవ్వింది. "మీకక్కడ పనీపాటా లేదేంటే?" అంది. ఉంది. అందరికీ ఒళ్లు విరిగేంత పని ఉంది. మేముండేది బహ్రెయిన్‌లో. మాలో ఒక్కరికీ అమెరికాలో ఓటు లేదు. ఒక్కరూ ఆ దేశపు గడప తొక్కలేదు. అయినా ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం ఆరాధన అయ్యాక, చేతిలో టీ గ్లాసులు పట్టుకుని, మా మగవాళ్లు ఆ దేశపు పార్టీల కోసం గొంతులు చించుకునేవారు. ఒక పార్టీ గుర్తు ఏనుగు, రెండోదాని గుర్తు గాడిద. మా హాల్లో అందరూ ఆ పేర్లతోనే పిలిచేవారు.

నేను మేముండే జుఫేర్ పేటలోనే ఒక పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేస్తాను. మా ఆయన ఏసీ మెకానిక్. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున అమెరికా నౌకాదళ స్థావరంలో డ్యూటీ. మా వంటగది కిటికీలోంచి చూస్తే ఆ స్థావరం గోడ కనిపిస్తుంది. ఆ గోడ అవతల ఏసీలు చల్లగా ఉంటేనే ఇవతల మా పొయ్యి వెలిగేది. ఆ సంగతి నేనెప్పుడూ మర్చిపోలేదు.

ఏనుగు పక్షానికి నాయకుడు మా సంఘపెద్ద. మా ఆయన కంపెనీలోనే ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆయనది. మాటలో మెత్తదనం, చొక్కాకి ఇస్త్రీ ఎప్పుడూ చెదరవు. అమెరికాలో ఉన్న బావమరిది పంపే వీడియోలన్నీ ఆయన మా గ్రూపులో పెట్టేవారు. గాడిద పక్షానికి నాయకుడు ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఆయన తెల్లవారుజామున లేచి అమెరికా వార్తలు చూస్తారు. అమెరికా పేపర్లు చదివి వాటిలో వాక్యాలు మాకు అప్పజెప్పేవారు.

ఏనుగు గెలిచిన వారం పెద్దాయన లడ్డూలు పంచారు. మాస్టారు తీసుకోలేదు. నేను తీసుకున్నాను, తిన్నాను. అప్పటికి అదంతా నాకు క్రికెట్ మ్యాచ్ లాంటిదే.

కొత్త అధ్యక్షుడు గద్దెనెక్కిన కొద్ది రోజులకే మా చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, మా ఆఫీసుకి తాళం వేశారే" అంది.

చెల్లి భీమవరం దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేది. మామూలు మందులకు లొంగని క్షయ వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు రోజూ బిళ్లలు మింగేలా చూడటం దాని పని. మందులు మన ప్రభుత్వమే ఇస్తుంది. కానీ ఆ మందులు మింగడం మామూలు విషయం కాదు. వాంతులు, చెవుల్లో హోరు, ఒళ్లంతా మంట. పక్కన కూర్చుని బతిమాలేవాళ్లు ఉంటేనే మింగుతారు. ఆ బతిమాలే మనిషికి జీతం అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయంలోంచి వచ్చేది. కొత్త అధ్యక్షుడు సాయం ఆపేయమన్నాడు. ఆపేశారు.

ఆ శుక్రవారం పెద్దాయన ముఖం వెలిగిపోతోంది. "ఇన్నాళ్లూ లోకంలో ఉన్న సోమరిపోతులందర్నీ మేపారు. ఇప్పుడు కుళాయి కట్టేశాడు. మగాడంటే వాడండీ!" అన్నారు.

నేను టీ పోస్తున్నాను. "అన్నయ్యగారూ, మా చెల్లి చేసేది ఆ పనేనండీ" అన్నాను.

"నీ చెల్లి గురించి కాదమ్మా నేననేది. పాలసీ గురించి."

వెంటనే మాస్టారు లేచారు. "చూశారా! ఈ చెల్లెమ్మే సాక్ష్యం! మా వాళ్లుంటే ఇలా జరిగేదా?"

మా వాళ్లట! ఆయన నా వైపు చెయ్యి చూపిస్తున్నారే గానీ నా ముఖం చూడటం లేదు. ఆ రోగులు ఇప్పుడేం చేస్తున్నారమ్మా అని ఆ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నా చెల్లి ఉద్యోగం పోవడం ఒకాయనకి గెలుపు, ఇంకొకాయనకి చేతికి దొరికిన రాయి. అంతే.

చెల్లి రోగుల్లో ఒకామె నాకు ఫోన్లో బాగా తెలుసు. రొయ్యల కంపెనీలో తలలు తీసే పని చేసేది. ఇద్దరు ఆడపిల్లలు, మొగుడు వదిలేసి వెళ్లాడు. చెల్లి వాళ్లింట్లో ఉన్నప్పుడు నాకు వీడియో కాల్ చేస్తే ఫోన్ లాక్కుని మాట్లాడేది. "అక్కా, మీ దగ్గర రొయ్యలుంటాయా? మీరూ తలలు తీసుకునే తింటారా?" అని అడిగేది. "ఈ మందులైపోతే నన్నూ తీసుకుపోండక్కా, వంట బాగా చేస్తాను" అనేది. క్షయ వచ్చిన మనిషికి గల్ఫ్ మెడికల్ పరీక్షలో పాసవడం కష్టమని నాకు తెలుసు. చెప్పలేదు. ఆ ఆశతోనైనా బిళ్లలు మింగుతుందిలే అనుకున్నాను.

చెల్లి ఆఫీసు మూసేశాక ఆమె మందులు మానేసింది. ఖర్చు తనే పెట్టుకుని చెల్లి కొన్నాళ్లు వెళ్లింది. తర్వాత బతుకుతెరువు కోసం చెల్లి కూడా రొయ్యల కంపెనీలోనే చేరింది. మందులు మానేసిన ఆవిడ వేసవి రాకముందే చనిపోయింది.

శుక్రవారం నేను ప్రార్థన మనవి ఇచ్చాను. పేరు చెప్పాను, పిల్లల సంగతి చెప్పాను. పెద్దాయన కళ్లు మూసుకుని, "ప్రభువా, లోకంలో వ్యాధిగ్రస్తులందరినీ జ్ఞాపకం చేసుకో" అని ఒక్క వాక్యంలో దాటించేశారు. పేరు పలకలేదు. ఆరాధన అయ్యాక మాస్టారు నా దగ్గరికి వచ్చి, "ఇది ఏనుగు చేసిన హత్యమ్మా" అన్నారు. ఆ పిల్లలకు మనందరం కలిసి ఏదైనా పంపిద్దామా మాస్టారూ అన్నాను. "తప్పకుండా, తప్పకుండా" అంటూనే ఆయన పెద్దాయన వైపు నడిచారు, వాదన అందుకోవడానికి. నాకు ఆ టీ కెటిల్ ఇద్దరి నెత్తినా కుమ్మరించాలనిపించింది.

ఆ వేసవిలో యుద్ధం వచ్చింది. ఇరాన్ మీద అమెరికా బాంబులు వేయబోతోందని అందరూ అనుకుంటున్నారు. సముద్రానికి అటు ఇరాన్, ఇటు మేము. మధ్యలో మా వంటగది కిటికీకి ఎదురుగా ఆ గోడ. ఆ వారం పెద్దాయన చేతులు పైకెత్తి ప్రార్థించారు. దేవుడు తన శత్రువుల్ని పొడిపొడి చేయాలని, అమెరికా విమానాలకు తోడుండాలని, యుద్ధం సంపూర్ణంగా జరగాలని వేడుకున్నారు. చాలామంది ఆమెన్ అన్నారు. వాళ్లలో ఆ స్థావరంలో గిన్నెలు తోమేవాళ్లూ ఉన్నారు.

మాస్టారు ఊరుకోలేదు. "బాంబుల కోసం ప్రార్థన చేస్తారా? సిగ్గు లేదా?" అన్నారు. నాకు ఒక్క క్షణం ఆయన మీద గౌరవం కలిగింది.

పెద్దాయన నవ్వారు. "మీ గాడిద ఏలినప్పుడు గాజా మీద పడ్డ బాంబులు ఎక్కణ్నుంచి వెళ్లాయి మాస్టారూ?"

మాస్టారు కాస్త తడబడ్డారు. "అది వేరండీ. మిత్రదేశానికి సాయం. రాజకీయంగా వాళ్లకి తప్పలేదు."

గౌరవం ఎగిరిపోయింది. రోగి పక్కన కూర్చునే మనిషికిచ్చే డబ్బూ సాయమే, బాంబులూ సాయమే ఈయనకి. ఆ రోజు టీ తాగకుండా ఇంటికొచ్చేశాను.

తర్వాత రెండు మూడు రోజులకే, అమెరికా బాంబులు వేసిన మర్నాడు సాయంత్రం నేను క్లినిక్ నుంచి వస్తుంటే సైరన్ మోగింది. ఫోన్లన్నీ ఒకేసారి అరిచాయి: దగ్గర్లో సురక్షితమైన చోట ఉండమని ప్రభుత్వ హెచ్చరిక. సురక్షితమైన చోటంటే ఏది? మాది రేకు తలుపుల పాత బిల్డింగు. పక్కింటి మలయాళీ అమ్మాయి, నేను మెట్ల కింద కూర్చున్నాం. ఇరాన్ పక్క దేశం మీదికి క్షిపణులు వదిలిందని, సముద్రం అవతల ఆకాశంలో ఎర్రటి చుక్కలు లేచి ఆరిపోతున్నాయని పైనుంచి ఎవరో అరుస్తున్నారు. మా ఆయన గోడ లోపల ఉన్నాడు. ఫోన్ కలవడం లేదు.

ఏం చెయ్యాలో తోచక పెద్దాయనకి ఫోన్ చేశాను. కంపెనీలో ఆయన మాట చెల్లుతుంది. లోపలున్నవాళ్ల సంగతేమైనా తెలుస్తుందేమోనని.

"మేం జల్లాఖ్‌లో ఉన్నామమ్మా" అన్నారు. జల్లాఖ్ అంటే ద్వీపానికి పడమటి ఒడ్డు, రిసార్టులుండే చోటు. జుఫేర్‌కి ఎంత దూరం వెళ్లగలమో దాదాపు అంత దూరం. "నిన్ననే ఫ్యామిలీతో వచ్చేశాం. నువ్వు కీర్తనలు చదువుకో. భయపడకు."

"ఆయన లోపలున్నారండీ."

"ఏసీలు ఆగకూడదు కదమ్మా. డ్యూటీ డ్యూటీయే."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. యుద్ధం సంపూర్ణంగా జరగాలని అడిగిన మనిషి రిసార్టులో ఉన్నాడు. నా మొగుడు ఆ యుద్ధానికి చలువ చేస్తూ లోపలున్నాడు. ఇరాన్‌లో ఏ మెట్ల కిందో నాలాంటిదే ఒకతె కూర్చుని ఉంటుంది, ఆమె మొగుడూ ఏ గోడ లోపలో ఉంటాడు. ఆమె కోసం మా హాల్లో ఎవరూ ఆమెన్ అనలేదు.

మా ఆయన క్షేమంగానే వచ్చాడు. కొద్ది రోజుల్లో బాంబులు ఆగాయి, ప్రయాణికుల విమానాలు మళ్లీ తిరిగాయి. మళ్లీ శుక్రవారం వచ్చింది. పెద్దాయన సాక్ష్యం చెప్పడానికి లేచారు. దేవుడు తమ కుటుంబాన్ని తన రెక్కల నీడలో ఎలా దాచాడో చెప్పారు. ఆ రెక్కలకు స్విమ్మింగ్ పూల్ కూడా ఉందన్నమాట. "మనం ప్రార్థించాం, విజయం వచ్చింది" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. మా సంఘంలో ఆడవాళ్లు పాటకే లేస్తారు.

"అన్నయ్యగారూ, మీరు యుద్ధం కావాలని అడిగారు. వచ్చింది. మరి మీరెందుకు పారిపోయారండీ?"

మాస్టారు వెనక వరసలోంచి కిసుక్కున నవ్వారు.

"మాస్టారూ, మీరు నవ్వకండి. చచ్చిపోయినావిడ పిల్లలకి పంపిద్దామంటే తప్పకుండా అన్నారు. మళ్లీ ఎత్తారా ఆ మాట? ఆవిడ చావు మీకు ఏనుగుని కొట్టడానికి పనికొచ్చింది, అంతే కదా? మీ ఇద్దరికీ ఓటు లేదు. వాళ్ల అధ్యక్షుడికి మీరున్నారని తెలీదు. అయినా వాళ్ల కోసం ఇక్కడ మనుషుల్ని మనుషుల్లా చూడటం మానేశారు."

ఇంకా చాలా అన్నాను. అన్నీ గుర్తులేవు. ఏడుస్తున్నాననుకున్నారు. అది ఏడుపు కాదు. మా ఆయన నా చెంగు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు.

"సిస్టర్, కూర్చోండి. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలి" అన్నారు పెద్దాయన, అదే మెత్తటి గొంతుతో.

ఇంటికొచ్చాక మా ఆయన అరిచాడు. "నా గేటు పాస్ ఆయన సంతకంతో వస్తుందని తెలుసా నీకు? నీతులు చెప్పావు, రేపట్నుంచి తిండి ఎవరు పెడతారే?"

"మీరు ఆ రోజు లోపలుంటే డ్యూటీ డ్యూటీయే అన్నాడండీ!"

"అన్నాడు. నిజమే కదా?"

ఆ జవాబుకి నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

ఆ నెలలోనే మా ఆయన్ని స్థావరం నుంచి తీసి అస్కర్ వైపు వేశారు. అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర లేబర్ క్యాంపుల్లో ఏసీల రిపేరు. కారణం ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. ఎండలో డాబాల మీద పని. ఆయన నన్ను తిట్టడం కొన్నాళ్లకి మానేశాడు. ఒకరోజు వచ్చి, క్యాంపులో జగిత్యాల అతను తనతో అన్న మాటలు చెప్పాడు. "మీకు ఫోన్ల వార్నింగ్ వచ్చిందట గదా అన్నా? ఆ పొద్దు మేం డ్యూటీల ఉన్నం. లోపల ఫోన్లు పట్టనియ్యరు. సైరన్ మోగుతుంటే ఫోర్‌మెన్ యల్లా యల్లా, జల్ది జల్ది అనుకుంట పని జేపిచ్చిండు. దుబాయికొచ్చి గిట్ల సస్తమా అనుకున్న." జగిత్యాల వైపు గల్ఫ్ అంతా దుబాయే. అది చెప్పి మా ఆయన చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

ఫెలోషిప్ నా వల్ల చీలిందని కొందరంటారు. కాదు. నేను మానేసిన తర్వాత కూడా ఆ ఇద్దరూ కొట్టుకుంటూనే ఉన్నారు. చివరికి మాస్టారు తన మనుషులతో నువైద్రాత్‌లో ఇంకో హాలు చూసుకున్నారు. కీబోర్డు ఒకరికి, మైకులు ఇంకొకరికి. ఒకచోట పాటకి సంగీతం ఉంది, వినపడదు. రెండోచోట వినపడుతుంది, సంగీతం లేదు.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా పెద్దాయన ఫోన్ చేశారు. పండక్కి రెండు గుంపులూ కలుస్తున్నాయట. నేను వచ్చి బిర్యానీ చెయ్యాలట. పాతవన్నీ మర్చిపోదాం అన్నారు.

"వస్తానండీ. ఆ రోజు ప్రార్థనలో చచ్చిపోయిన ఆవిడ పేరు పలకండి. సాయం ఆపేయడం వల్ల చనిపోయిందని చెప్పండి" అన్నాను.

"పండగ పూట రాజకీయాలు వద్దమ్మా."

రాజకీయాలు! ఫోన్ పెట్టేశాను.

పండగ రోజు మధ్యాహ్నం పెద్దాయన భార్య ఒక్కతే టాక్సీలో మా ఇంటికి వచ్చింది. నాతో ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడి ఎరగని మనిషి. కేకు బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నేను తల దించుకున్నాను. నువ్వు చూశావో లేదో" అంది. "జల్లాఖ్ వెళ్లేటప్పుడు మా పనమ్మాయిని ఇక్కడే వదిలేసి వెళ్లామమ్మా. జుఫేర్‌లో. ఇల్లు చూసుకుంటుందని. మన గోదావరి పిల్లే. సైరన్ మోగినప్పుడు నాకు ఫోన్ మీద ఫోన్ చేసింది. ఈయన ఎత్తొద్దన్నారు" అంది.

ఆమె ఏడుస్తోంది. నేను లేచి నీళ్లిచ్చాను. ఊరుకో వదినా, నీ తప్పేముంది అనాలి కదా ఎవరైనా. నా నోటికి ఆ మాట రాలేదు.

"ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను.

"వెళ్లిపోయింది. వేరే ఇంట్లో చేరిందట. చెప్పకుండా వెళ్లింది."

"మంచి పని చేసింది" అన్నాను.