గోల్‌కీపర్ ఆగమన్నాడు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని ఒక భూగర్భ బొగ్గుగనికి ఓవర్‌మన్‌గా బదిలీ చేశారు. షిఫ్టులో ఒక విభాగం పని, అక్కడి మనుషుల భద్రత ఓవర్‌మన్ బాధ్యత. నా షిఫ్టులో గని ఫుట్‌బాల్ జట్టువాళ్లు చాలామంది ఉండేవారు. రాజం గోల్‌కీపర్, సామ్యేల్ అతని ముందు ఆడే బ్యాక్. ఇద్దరూ సపోర్ట్‌మన్లే. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఇనుప ప్రాపులు నిలబెట్టడం వాళ్ల పని.

ఆ సంవత్సరం గనుల మధ్య జరిగిన పోటీలో బంతి సామ్యేల్ కాలికి తగిలి సొంత గోల్‌లోకే పోయింది. జట్టు ఓడింది.

"బంతి వదిలెయ్యుమని గట్టిగ ఒర్రిన. నువ్వే ఇనలే" అన్నాడు రాజం.

"నువ్వు ఒర్రనే లేదు" అన్నాడు సామ్యేల్.

ఆ రోజుతో మాటలు బందయ్యాయి. అయినా ఇద్దరూ ఆట మానలేదు. మైదానంలో రాజం "కొట్టు" అనో "ఆగు" అనో అరిచేవాడు, సామ్యేల్ వెనక్కి చూడకుండా అలాగే చేసేవాడు. బయటికి వస్తే ఎవరి దారి వారిది.

వానాకాలంలో ఒక ఉదయం పైకప్పు కొంత కూలి రాజం కాళ్ల మీద పడింది. అలాంటి చోటికి ఎవరూ ఉరకకూడదు. మిగిలిన కప్పును కర్రతో తట్టి చూడాలి. బోలు శబ్దం వస్తే అదీ ఊడబోతోందని అర్థం. గట్టి చోటు నుంచి ఒక్కో ప్రాపు నిలబెడుతూ ముందుకు పోవాలి. అందరినీ వెనక్కి జరిపి, నాతో ఎవరు వస్తారని అడిగాను. సామ్యేల్ అప్పటికే ప్రాపు భుజానికెత్తుకున్నాడు.

"కదలకు రాజం. నేనొస్తున్న" అన్నాడు.

నేను కప్పు తడుతూ, అతను ప్రాపులు బిగిస్తూ కదిలాం. దుమ్ములో మాకు పైన ఏమీ కంటికి ఆనడం లేదు. రాజం వెల్లకిలా పడి ఉండటం వల్ల అతని టోపీ లైటు నేరుగా కప్పు మీదే ఉంది. సామ్యేల్ చివరి ప్రాపు పట్టుకుని అడుగు ఎత్తగానే రాజం "ఆగు" అన్నాడు. సామ్యేల్ ఎత్తిన కాలు దించలేదు. పైకి చూడలేదు, ఎందుకని అడగలేదు. బండ అతని ముందు పడింది. నేనైతే ఏమైందని చూస్తూ ఆ అడుగు వేసేసేవాణ్ణి.

రాజం బతికాడు. ఒక కాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రికి సామ్యేల్ రోజూ వచ్చి, ఆ ఓడిన మ్యాచ్ గురించే మళ్లీ కొట్లాడేవాడు. ఒకసారి నర్సు విసిగి, "గీయన నీకేమైతడు?" అని అడిగింది.

"మా బ్యాక్. నా ముందట ఆడుతడు" అన్నాడు రాజం.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, కప్పు బలహీనంగా ఉన్న చోటికి ఇద్దరిని పంపాల్సి వస్తే వాళ్లు స్నేహితులా కాదా అని నేను చూడలేదు. ఒకరు ఆగమంటే రెండోవారు అడగకుండా ఆగుతారా అన్నదే చూశాను. కలిసి ఆడినవాళ్లలో అది ఎక్కువగా కనబడింది. వాళ్ల మధ్య మాటలు లేనప్పుడు కూడా.