నాలుగో తొట్టి గేటు

నీళ్ల శుద్ధి కేంద్రంలో ఆమెను అందరూ వదినా అనే పిలుస్తారు. భర్త అక్కడే హెడ్ ఫిట్టరు. మిగతా ఫిట్టర్లకు అతను అన్న, కాబట్టి ఆమె వదిన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పని గేట్ల చక్రాలు తిప్పడం. సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. కంప్యూటర్లు వచ్చాక కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఊరి నీళ్లన్నీ ఆమె ఎదుట తెర మీదే కదులుతాయి: నది దగ్గరి మోటార్లు, తొట్లు, కొండ మీది ట్యాంకు. ఇక్కడ మీట నొక్కితే అంత దూరాన ఇనుప గేటు లేస్తుంది. ఇన్నేళ్లయినా అది ఆమెకు మామూలు కాలేదు.

రోజూ పొద్దున తొట్ల గేట్లు వరసగా తెరవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చూడక్కర్లేదు, వేలే పోతుంది. ఆ రోజు నాలుగో తొట్టి ఖాళీ చేసి ఉంది. అడుగున ఆమె భర్త మోకాళ్ల మీద కూర్చుని పగిలిన పైపు మారుస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా వేలు పోయింది.

గేటు లేవలేదు. తెర మీద ఎర్రటి తాళం బొమ్మ వెలిగింది. 'లోపల మనిషి ఉన్నారు.'

తనకు తెలిసీ వేలికి తెలియని సంగతి, తొట్టి గట్టున భర్త తిప్పిన తాళం దగ్గర బయల్దేరి, వైరు వెంట వచ్చి, తనకన్నా ముందే ఇక్కడ కూర్చుని ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత వైర్‌లెస్ అందుకుంది.

"ఏమండీ, వింటున్నారా?"

"వింటున్నా. టీ పంపిస్తున్నావా?"

"నాలుగు నొక్కేశాను."

అవతల రెంచి చప్పుడు ఆగింది.

"తాళం వేసే దిగాను," అన్నాడు. "తాళంచెవి నా జేబులో ఉంది. నువ్వు కాదు కదా, పెద్ద సారు నొక్కినా లేవదు."

"మర్చిపోయి ఉంటే?"

"నా పీడ వదిలేది నీకు."

"నోరు ముయ్యండి ముందు."

పనయ్యాక అతను గట్టెక్కి తాళం తీశాడు. మనిషిని కళ్లారా చూస్తే గానీ గేటు తెరవనందామె. బురద కాళ్లతోనే వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. కంప్యూటర్ల పనిని వీడియో గేమని ఎగతాళి చేసే మనిషి, తెరను ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు.

"నేనున్నది ఎక్కడ?"

ఆమె గోరంత ఖాళీ గడి చూపించింది.

"ఇందులోనా!"

ఆమె నొక్కింది, ఈసారి వేలికేసి చూస్తూ. కిటికీ అవతల నీళ్లు హోరుమన్నాయి. గడి అడుగు నుంచి నీలం పైకెక్కసాగింది. తొట్టిలో నీళ్లు మనిషెత్తు దాటేదాకా ఇద్దరూ ఆ గడి మీంచి కళ్లు తిప్పలేదు.