అత్త నోట్లో నిప్పు

మా మేనత్త పోయిందని విశాఖ జాలరిపేట నుంచి ఫోన్ వచ్చేసరికి, నేను అదే ఊళ్లో ల్యాబులో ఆవిడ కణాలకే మేత ద్రవం మారుస్తున్నాను. ఈ మాట రాయడానికి ఇన్ని రోజులూ చెయ్యాడలేదు.

తల్లి లేని నన్ను చేపలమ్మి చదివించింది ఆవిడే. ఆ తట్ట మొయ్యకపోతే నేను మైక్రోస్కోపు మొహం చూసేదాన్నే కాదు. హార్బరు నుంచి బయల్దేరేముందు చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. మా పేట ఆడవాళ్లది అడ్డపొగే. మూసిన నోట్లో నిప్పు ఎలా బతుకుతుందా అని నాకు చచ్చేంత భయంగా ఉండేది. అడిగితే నవ్వేది.

"గాలి తగిల్తే బేగి కాలిపోద్దే. లోపలెడితే సాయంత్రం దాకా ఉంటాది."

ఏం ఖర్మో, ఆవిడ రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడేనాటికి నా పరిశోధనా దాని మీదే. గడ్డ నడుమ గాలి సరిగా అందదు. అక్కడ కొన్ని కణాలు చావడం మానేసి, ఎన్నిసార్లయినా మళ్లీ పెరగగల మూలకణాల గుణం తెచ్చుకుంటాయి. మందుకు లొంగకుండా నక్కి ఉండి, ఎప్పుడో లేస్తాయి. ఆపరేషన్‌లో తీసిన ముక్కని అత్తే ఇష్టపడి నాకిప్పించింది. ఆక్సిజన్ బాగా తగ్గించిన పెట్టెలో ఆ కణాల్ని పెంచాను, ఆ పెట్టె సంగతి అత్తకీ చెప్పాను. ఎంత మందు పోసినా కొన్ని మిగిలాయి.

వైద్యం అయ్యాక, మొత్తం పోయినట్టేనా అని అడిగింది. పోయిందత్తా అన్నాను. ఆవిడ నా మొహం చూసి, నోట్లోంచి చుట్ట తీసింది. కొస ఎర్రగా ఉంది.

"అబద్దం ఆడకే. నాను పోతే ఆ పెట్టిలోదాన్ని కూడా ఒగ్గేయ్. ఊపిరాడని కాడ ఒక్కదాన్నీ ఉంచకు."

మాటిచ్చాను. ఏడాది తిరక్కుండా అది ఊపిరితిత్తుల్లో లేచింది.

పెద్దకర్మనాడు ఒడ్డున ముద్ద పెట్టాం. కాకులు వచ్చి చుట్టూ తిరిగాయి, ముట్టలేదు. ఉప్పుచేప పెట్టారు, చుట్ట పెట్టారు. అయినా ముట్టలేదు. ఏటో కోరిక మిగిలిపోనాదని చిన్నాన్న ఒక్కొక్కరి మొహమే చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ కణాలుంటే ఇంకో తల్లికి మందు దొరుకుతుందేమోనన్న ఆశ నన్ను వదల్లేదు.

అయినా మాట తప్పకూడదని, స్నానం చేసి తిన్నగా ల్యాబుకి వెళ్లాను. నిన్న నేను పోసిన మేతది గులాబీ రంగు. కణాలు తింటే పసుపుగా మారుతుంది. పెట్టె తెరిచి చూస్తే పళ్లెం నిండా పసుపే. ఒడ్డున ముట్టని మనిషి ఇక్కడ తింది.

పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. కడుపు నిండిందా అత్తా అని పైకే అడిగి, కొత్త మేత పోసి, పెట్టె మూసేశాను.